కరెంట్ పోయినా హ్యామ్ రేడియో ఆగకూడదంటే: పవర్ సప్లై, బ్యాటరీ, వైరు లెక్కలు

కొత్త ఫోన్ రిలీజ్ అయితే మనం మొదట చూసేది బ్యాటరీ ఎంత అని. 5000 ఎంఏహెచ్ ఉంటే చాలు, రోజంతా వచ్చేస్తుంది అనుకుంటాం. ఇప్పుడు అదే బ్యాటరీలో ఉన్న ఎనర్జీని ఒక 100 వాట్ల హ్యామ్ రేడియోకి ఇచ్చామనుకోండి. ఫోన్ బ్యాటరీ వోల్టేజీ దాదాపు 3.85 వోల్టులు కాబట్టి అందులో ఉన్నది సుమారు 19 వాట్-అవర్లు. రేడియో ఫుల్ పవర్‌లో ట్రాన్స్‌మిట్ చేస్తుంటే 13.8 వోల్టుల దగ్గర 21 యాంపియర్లు లాగుతుంది, అంటే దాదాపు 290 వాట్లు. లెక్కేస్తే మన ఫోన్ బ్యాటరీ దానికి వచ్చేది నాలుగంటే నాలుగు నిమిషాలు!

అందుకే హ్యామ్ రేడియోలో రేడియో ఏది కొనాలి అనేది సగం ప్రశ్నే. దానికి పవర్ ఎక్కడి నుంచి వస్తుంది అనేది మిగతా సగం. చాలామంది కొత్తవాళ్లు బడ్జెట్ మొత్తం రేడియో మీద పెట్టేసి, పవర్ దగ్గరికి వచ్చేసరికి దొరికిన అడాప్టర్‌తో, ఇంట్లో పడి ఉన్న వైరుతో సర్దుకుంటారు. మామూలు రోజుల్లో అది కూడా నడిచిపోతుంది. అసలు అవసరం వచ్చిన రోజే ఆగిపోతుంది.

ఆ అవసరం ఎలా ఉంటుందో మనకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ పోయింది, ఫోన్ నెట్‌వర్కులూ పోయాయి. సెల్ టవర్లకి బ్యాటరీ, జనరేటర్ బ్యాకప్ ఉన్నా అది కొన్ని గంటల కథే. ఆ తర్వాత డీజిల్ వెయ్యాలి, వెయ్యాలంటే రోడ్డు ఉండాలి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఇంకో రకంగా కథ నడిచింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక టీమ్ అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వాళ్లు వెళ్లింది హాబీ కోసం, దూరదేశాల హ్యామ్‌లతో మాట్లాడటానికి. సునామీ తర్వాత అవే రేడియోలు ద్వీపాల నుంచి మెసేజ్‌లు బయటికి పంపే దారి అయ్యాయి.

అలాంటి రోజున మన సెటప్ పనిచేయాలంటే ఏం కావాలో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న ఓమ్స్ లా గుర్తుంటే చాలు.

ముందుగా లైసెన్స్ మాట

మన దేశంలో హ్యామ్ రేడియోలో ట్రాన్స్‌మిట్ చేయాలంటే టెలికాం శాఖ పరీక్ష పాసై లైసెన్స్, కాల్‌సైన్ తీసుకోవాలి. 12 ఏళ్లు నిండితే చాలు, పరీక్ష రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్‌లు ఉన్నాయి. ఏ గ్రేడ్‌కి ఎంత పవర్ వరకు వాడొచ్చో లైసెన్స్ రూల్సే చెప్తాయి. ఆన్‌లైన్‌లో వాకీటాకీ దొరికింది కదా అని కొనేసి బటన్ నొక్కడం చట్టరీత్యా నేరం. లైసెన్స్ వచ్చేలోగా ఇంటర్నెట్‌లో వెబ్ ఎస్‌డీఆర్ సైట్లు ఓపెన్ చేసి హ్యామ్ బ్యాండ్లు వినొచ్చు. దానికి ఏ రేడియో అక్కర్లేదు.

13.8 అనే నంబర్ ఎక్కడిది?

హ్యామ్ రేడియోల స్పెసిఫికేషన్ పేజీలో దాదాపు ప్రతిసారీ కనిపించే నంబర్ 13.8 వోల్టులు. ఇది కారు నుంచి వచ్చింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 12 వోల్టుల కారు బ్యాటరీ దగ్గర ఉండే వోల్టేజీ దాదాపు ఇంతే. రేడియోలు కారులోనూ పనిచేయాలి కాబట్టి కంపెనీలు దీన్నే స్టాండర్డ్‌గా పెట్టుకున్నాయి.

దాని పక్కనే ఉండే ప్లస్ ఆర్ మైనస్ 15 శాతం అన్న ముక్కని మాత్రం చాలామంది పట్టించుకోరు. ఉదాహరణకి ఐకామ్ ఐసీ-7300 తీసుకుందాం. 13.8 ప్లస్ ఆర్ మైనస్ 15 శాతం అంటే కింద 11.7 వోల్టులు, పైన దాదాపు 15.9 వోల్టులు. ఈ రెండు గీతల మధ్యలో ఉన్నంతసేపే రేడియోకి గ్యారంటీ. కింది గీత దాటితే గొంతు వణికినట్టు వినిపిస్తుంది, పవర్ తగ్గుతుంది, కొన్నిసార్లు మైక్ నొక్కగానే రేడియో ఆఫ్ అయి మళ్లీ ఆన్ అవుతుంది. పై గీత దాటితే లోపల పార్టులు కాలిపోతాయి.

ఈ రెండు నంబర్లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఇక నుంచి మనం చేసే ప్రతి లెక్కా వీటి మధ్య ఉండటానికే.

ఒక రాత్రికి ఎంత కావాలి?

ఫోన్‌లో స్క్రీన్ ఆన్ టైమ్ చూసినట్టే రేడియోలో ట్రాన్స్‌మిట్ టైమ్ చూడాలి. 12 గంటల రాత్రి అనుకుందాం. అందులో 10 శాతం సమయం మనం మాట్లాడతాం, 90 శాతం వింటాం.

వినడం: ఐసీ-7300 స్టాండ్‌బైలో 0.9 యాంపియర్, ఫుల్ సౌండ్‌లో 1.25 యాంపియర్లు తీసుకుంటుంది. సగటున 1.1 అనుకుంటే 10.8 గంటలకి దాదాపు 12 యాంపియర్-అవర్లు.

మాట్లాడటం: 1.2 గంటలు. ఎస్ఎస్‌బీలో మనం మాట్లాడేటప్పుడే కరెంట్ లాగుతుంది, మాటకీ మాటకీ మధ్య గ్యాప్‌లో తగ్గిపోతుంది. 21 యాంపియర్లు పీక్ మాత్రమే. సగటు 10 అనుకుంటే ఇది కూడా 12 యాంపియర్-అవర్లు.

మొత్తం 24 యాంపియర్-అవర్లు.

ఇక్కడ ఒక విషయం గమనించారా? ట్రాన్స్‌మిట్ చేస్తేనే బ్యాటరీ అయిపోతుందని అందరూ అనుకుంటారు. కానీ రాత్రంతా లెక్కేస్తే వినడానికి అయ్యే ఖర్చు కూడా సరిగ్గా అంతే. అందుకే బ్యాకప్ కోసం రేడియో కొనేటప్పుడు స్పెసిఫికేషన్‌లో ట్రాన్స్‌మిట్ వాట్లతో పాటు రిసీవ్ కరెంట్ కూడా చూడాలి. ఎలెక్రాఫ్ట్ కేఎక్స్2 లాంటి చిన్న రేడియో రిసీవ్‌లో 135 మిల్లీయాంపియర్ల వరకు తగ్గుతుంది. దానితో రాత్రంతా విన్నా 2 యాంపియర్-అవర్లు కూడా అవ్వదు. డిస్‌ప్లే పెద్దదిగా ఉండి వాటర్‌ఫాల్ రంగురంగులుగా కనిపించే రేడియో చూడటానికి బాగుంటుంది, కానీ కరెంట్ లేని రాత్రి దాని ఖర్చు తెలుస్తుంది. ఉన్న రేడియోలోనే అయితే బ్రైట్‌నెస్ తగ్గించండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

డిజిటల్ మోడ్స్ వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. ఎఫ్‌టీ8లో 15 సెకన్ల స్లాట్‌లో 12.64 సెకన్లు ఆగకుండా ట్రాన్స్‌మిట్ ఉంటుంది. గ్యాప్‌లు ఉండవు. అక్కడ సగటు కరెంట్ కూడా పీక్ కరెంటే. అదే 1.2 గంటల ట్రాన్స్‌మిట్‌కి 12 బదులు 25 యాంపియర్-అవర్లు పోతాయి. ఎఫ్ఎమ్‌లో కూడా ఇదే కథ.

పవర్ తగ్గిస్తే ఎంత లాభం?

100 వాట్ల నుంచి 25 వాట్లకి తగ్గిస్తే అవతలివాళ్లకి మన సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వాళ్ల ఎస్-మీటర్‌లో అది ఒకే ఒక్క పాయింట్. 9 చూపించేది 8 చూపిస్తుంది, మాట మాత్రం అర్థమవుతుంది. ఇటు మన బ్యాటరీ నుంచి లాగే కరెంట్ దాదాపు సగానికి పడిపోతుంది. నాలుగో వంతు అవ్వాలి కదా అంటే అవ్వదు, ఎందుకంటే పవర్ తగ్గించినా రేడియో లోపలి ఆంప్లిఫైయర్‌కి, మిగతా సర్క్యూట్లకి ఒక మినిమం ఖర్చు ఉంటుంది.

కాబట్టి బ్యాటరీ మీద ఉన్నప్పుడు 100 వాట్లు డిఫాల్ట్ కాకూడదు. 25తో మొదలుపెట్టి, అవతలివాళ్లకి వినపడకపోతేనే పెంచండి. అదే పని యాంటెన్నాతో చేస్తే ఇంకా మంచిది. యాంటెన్నా బాగుంటే వచ్చే లాభానికి బ్యాటరీ ఖర్చు సున్నా.

ఏ బ్యాటరీ?

మన 24 యాంపియర్-అవర్ల లెక్కతో రెండు రకాల బ్యాటరీలు పోల్చి చూద్దాం.

లెడ్ యాసిడ్. ఇన్వర్టర్లలో, యూపీఎస్‌లలో ఉండేది ఇదే. ధర తక్కువ, ప్రతి ఊర్లో దొరుకుతుంది. కానీ దీన్ని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే 24 కావాలంటే 48 ఉన్నది కొనాలి, కాస్త మార్జిన్ వేసుకుంటే 60. ఇంకో సమస్య ఏమిటంటే మీద రాసిన కెపాసిటీ చాలా నెమ్మదిగా వాడినప్పటి లెక్క. యూపీఎస్‌లో ఉండే 7 యాంపియర్-అవర్ల బ్యాటరీ 20 గంటల పాటు 0.35 యాంపియర్ చొప్పున ఇస్తే 7. అదే బ్యాటరీని 20 యాంపియర్లు అడిగితే వోల్టేజీ ఒక్కసారిగా కూలిపోయి, కొన్ని నిమిషాల్లోనే మన 11.7 గీత కిందకి వెళ్లిపోతుంది. చేతిలో పట్టుకునే సెట్‌కి, చిన్న 5 వాట్ల రేడియోకి అది ఓకే. 100 వాట్లకి కాదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, షార్ట్‌గా ఎల్ఎఫ్‌పీ. లోపల 3.2 వోల్టుల సెల్స్ నాలుగు సిరీస్‌లో ఉండి 12.8 వోల్టులు అవుతాయి. బరువు తక్కువ. 80 శాతం వరకు హాయిగా వాడుకోవచ్చు. అంటే 30 యాంపియర్-అవర్లు చాలు, మార్జిన్‌తో 40. అన్నిటికంటే పెద్ద ప్లస్ ఏమిటంటే చివరి వరకు వోల్టేజీ దాదాపు ఒకేలా నిలబడుతుంది. లెడ్ యాసిడ్ మెట్లు దిగినట్టు దిగుతూ ఉంటుంది.

అయితే ఎల్ఎఫ్‌పీ కొనేటప్పుడు ఒక్క కెపాసిటీ చూసి ఆర్డర్ పెట్టకండి. లోపల బీఎంఎస్ అనే ప్రొటెక్షన్ బోర్డు ఉంటుంది. అది ఆగకుండా ఎన్ని యాంపియర్లు ఇవ్వగలదో చూడండి. 20 యాంపియర్ల బీఎంఎస్ ఉన్న బ్యాటరీకి 21 యాంపియర్ల రేడియో తగిలిస్తే, గట్టిగా మాట్లాడిన మాట దగ్గర బోర్డు కట్ చేసేస్తుంది. బ్యాటరీ నిండుగానే ఉంటుంది, రేడియో ఆగిపోతుంది. 100 వాట్ల రేడియోకి కనీసం 30 యాంపియర్ల బీఎంఎస్ ఉన్నది తీసుకోండి. ఛార్జర్ కూడా దాని కోసం చేసినదే వాడాలి, 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగేది. ఎండాకాలంలో మేడ మీది గదిలో, ఆగి ఉన్న కారు డిక్కీలో వదిలేయకండి. లిథియం బ్యాటరీకి వేడి పడదు.

ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ సంగతేంటి?

చాలా ఇళ్లలో 150 యాంపియర్-అవర్ల ట్యూబ్యులర్ బ్యాటరీ ఆల్రెడీ ఉంటుంది. మంచి కండిషన్‌లో, ఫుల్ ఛార్జ్‌లో ఉంటే అందులో సగం 75. మన లెక్క ప్రకారం మూడు రాత్రులు! కానీ దాన్ని ఎలా వాడతాం అనే దాంట్లోనే ఉంది విషయం.

రేడియో పవర్ సప్లైని ఇన్వర్టర్ ప్లగ్‌లో పెట్టామంటే ఏం జరుగుతుంది? 12 వోల్టుల డీసీ 230 వోల్టుల ఏసీ అవుతుంది, మళ్లీ అదే ఏసీ 13.8 వోల్టుల డీసీ అవుతుంది. ఒక్కో మార్పిడిలో 85 శాతం మిగిలిందనుకున్నా, రెండూ కలిపితే మిగిలేది 72 శాతం. పైగా ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉండటానికే ఒకటి ఒకటిన్నర యాంపియర్ తినేస్తుంది. అంటే రేడియో వినడానికి ఎంత ఖర్చవుతుందో, మధ్యలో ఉన్న బాక్స్‌కి కూడా అంతే. వీటన్నిటికీ తోడు, ఇన్వర్టర్ నుంచి వచ్చే హమ్, నాయిస్ హెచ్ఎఫ్ బ్యాండ్ల మీద సిగ్నల్స్‌ని మింగేస్తాయి.

బ్యాటరీ నుంచి నేరుగా డీసీ తీసుకోవడమే సరైన పద్ధతి. దానికి కొన్ని కండిషన్లు ఉన్నాయి:

- ఇన్వర్టర్ స్విచ్ ఆఫ్ చేసి, దాని మెయిన్స్ ప్లగ్ తీసేశాకే రేడియో కలపండి. ఛార్జింగ్ జరుగుతుండగా కలపకండి.
- కలిపే ముందు మల్టీమీటర్‌తో వోల్టేజీ, పోలారిటీ రెండూ చూడండి.
- రెండు బ్యాటరీలున్న 24 వోల్టుల ఇన్వర్టర్ అయితే వదిలేయండి. 24 రేడియోకి ఇవ్వలేం. ఒక్క బ్యాటరీ నుంచే 12 తీసుకుంటే రెండింటి బ్యాలెన్స్ పోతుంది.
- లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. గాలి ఆడే చోట ఉండాలి. టెర్మినల్ దగ్గర నిప్పురవ్వ రాకూడదు. స్పానర్ రెండు టెర్మినల్స్‌కి ఒకేసారి తగిలితే అది ఎర్రగా కాలుతుంది, బ్యాటరీ పేలొచ్చు కూడా.

వైరు లెక్క: ఎక్కువమంది మిస్సయ్యేది ఇదే

బ్యాటరీ పక్క గదిలో ఉంది, రేడియో టేబుల్ మీద ఉంది, మధ్యలో 3 మీటర్లు. కరెంట్ వెళ్లి తిరిగి రావాలి కాబట్టి వైరు పొడవు 6 మీటర్లు. ఇంటి వైరింగ్‌కి వాడే రాగి వైర్లతో, 20 యాంపియర్ల దగ్గర దారిలో పోయే వోల్టేజీ ఇలా ఉంటుంది:

- 1.5 స్క్వేర్ ఎంఎం: దాదాపు 1.45 వోల్టులు
- 2.5 స్క్వేర్ ఎంఎం: దాదాపు 0.9 వోల్టులు
- 4 స్క్వేర్ ఎంఎం: దాదాపు 0.55 వోల్టులు
- 6 స్క్వేర్ ఎంఎం: దాదాపు 0.37 వోల్టులు

230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఆట అయిపోయినట్టే. లోడ్ మీద 12.3 వోల్టులు చూపించే లెడ్ యాసిడ్ బ్యాటరీకి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే రేడియో దగ్గరికి వచ్చేది 11.4. అంటే మన గీత కింద. అదే బ్యాటరీకి 6 స్క్వేర్ ఎంఎం వేస్తే 11.9, రేడియో నడుస్తుంది. బ్యాటరీ మార్చలేదు, రేడియో మార్చలేదు. ఒక్క వైరు మార్చాం.

ఇంకా సులువైన మార్గం దూరం తగ్గించడం. బ్యాటరీని రేడియో పక్కకి తెస్తే వైరు 3 మీటర్లు కాస్తా 1 మీటర్ అవుతుంది, నష్టం కూడా మూడో వంతు అవుతుంది.

కనెక్టర్ల దగ్గర కూడా ఇదే సూత్రం. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్, వదులుగా ఉన్న మొసలి క్లిప్, ఇవన్నీ రెసిస్టెన్సే. ఆండర్సన్ పవర్‌పోల్, లేదా డ్రోన్‌లవాళ్లు వాడే ఎక్స్‌టీ60 లాంటివి పెట్టుకుని సరిగ్గా క్రింప్ లేదా సోల్డర్ చేయండి. పది నిమిషాలు ట్రాన్స్‌మిట్, రిసీవ్ చేశాక, ట్రాన్స్‌మిట్ ఆపి ఒక్కో జాయింట్ ముట్టుకుని చూడండి. వేడిగా ఉన్నదే మీ బగ్.

ఫ్యూజ్ ఎక్కడ పెట్టాలి?

ఫ్యూజ్ రేడియోని కాపాడటానికి అని అనుకుంటాం. నిజానికి బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజ్ కాపాడేది వైరుని, ఆ వైరు వెళ్లే ఇంటిని. పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ షార్ట్ అయితే వందల యాంపియర్లు వస్తాయి. వైరు ఇన్సులేషన్ కొన్ని సెకన్లలో అంటుకుంటుంది. ఫ్యూజ్ రేడియో దగ్గర ఉంటే, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ వరకు ఉన్న వైరుకి అసలు రక్షణే లేదు. అందుకే పాజిటివ్ టెర్మినల్ నుంచి వీలైనంత దగ్గరగా, జానెడు దూరంలోపే ఫ్యూజ్ ఉండాలి. 100 వాట్ల రేడియోకి 25 నుంచి 30 యాంపియర్ల ఫ్యూజ్, దాన్ని మోయగల వైరు. రేడియోతో వచ్చిన కేబుల్‌లో ఉన్న ఫ్యూజ్‌లని కత్తిరించి పారేయకండి, అవి అలాగే ఉండాలి. ఫ్యూజ్ పోతే రాగి తీగ చుట్టి నడిపించడం మాత్రం వద్దే వద్దు.

కారులో పెట్టేవాళ్లకి కూడా ఇదే రూల్. 50 వాట్ల వీహెచ్ఎఫ్ మొబైల్ రేడియో 10 యాంపియర్లు దాటుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ వెనక వైరు, ఫ్యూజ్ దానికి సరిపోవు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో విడిగా లైన్ లాక్కోవాలి.

కరెంట్ ఉన్నప్పుడు: ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు

బాక్స్ మీద 30 యాంపియర్లు అని ఉంటే, అది ఆగకుండా ఇచ్చేదా లేక కాసేపు మాత్రమే ఇచ్చేదా చూడండి. మనకి కావాల్సింది కంటిన్యూయస్ రేటింగ్. 21 యాంపియర్ల రేడియోకి కంటిన్యూయస్ 25 ఉంటే నిశ్చింత.

పాత స్టైల్ లీనియర్ సప్లైలు ట్రాన్స్‌ఫార్మర్‌తో బరువుగా ఉంటాయి, కానీ నాయిస్ ఉండదు. వాటిలో ఉండే రిస్క్ వేరు. లోపల పాస్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే 13.8 బదులు దాదాపు 20 వోల్టులు రేడియోలోకి వెళ్లిపోతాయి. ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్ ఉందో లేదో అడిగి తీసుకోండి.

ఎల్ఈడీ స్ట్రిప్‌లకి, సీసీటీవీకి వాడే జాలీ బాక్స్ ఎస్ఎంపీఎస్‌లు చవకగా వస్తాయి. చిన్న స్క్రూ తిప్పితే కొన్నిట్లో 13.8 కూడా వస్తుంది. పనిచేస్తుందా అంటే చేస్తుంది. కానీ 230 వోల్టుల టెర్మినల్స్ బయటికే ఉంటాయి, రేడియో నాయిస్ గురించి వాటిని చేసినవాళ్లు ఆలోచించి ఉండరు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఆలోచనే మానుకోండి.

నాయిస్ టెస్ట్ ఇంట్లోనే చేసుకోవచ్చు. రేడియోని బ్యాటరీ మీద పెట్టి, ఖాళీ ఫ్రీక్వెన్సీలో ఎస్-మీటర్ ఎంత చూపిస్తుందో రాసుకోండి. ఇప్పుడు ఇంటి మెయిన్ ఆఫ్ చేసి మళ్లీ చూడండి. తగ్గిందా? అయితే నాయిస్ మీ ఇంట్లోనే పుడుతోంది. ఎంసీబీలు ఒక్కొక్కటీ ఆన్ చేస్తూ పోతే దొంగ దొరుకుతాడు. చాలాసార్లు అది చవక ఫోన్ ఛార్జరో, ఎల్ఈడీ బల్బో అయి ఉంటుంది. దాని వైరు మీద ఫెరైట్ కోర్ బిగించండి, లేదా దాన్నే మార్చేయండి.

సోలార్, పవర్ బ్యాంక్

12 వోల్టుల సోలార్ ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్‌లో దాదాపు 22 వోల్టులు ఇస్తుంది. మన పై గీత 15.9. కాబట్టి ప్యానెల్‌ని నేరుగా రేడియోకి కలపడం అంటే రేడియోకి నమస్కారం పెట్టేసినట్టే. మధ్యలో ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీ ఉండాలి. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 350 నుంచి 400 వాట్-అవర్లు ఇస్తుంది. మన రాత్రి ఖర్చు 24 యాంపియర్-అవర్లు అంటే దాదాపు 310 వాట్-అవర్లు. ఎండ ఉంటే సరిపోతుంది. తుఫాను మబ్బుల్లో మాత్రం అందులో చిన్న భాగమే వస్తుంది, కాబట్టి మొదటి రెండు రోజులకి సోలార్‌ని లెక్కలోకి తీసుకోకండి. ఎంపీపీటీ కంట్రోలర్ కూడా ఒక స్విచింగ్ సర్క్యూటే. వినేటప్పుడు నాయిస్ ఉంటే ప్యానెల్ తీసేసి వినండి.

20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో దాదాపు 74 వాట్-అవర్లు ఉంటాయి. 65 వాట్ల పీడీ ఉన్నది అయితే ట్రిగ్గర్ బోర్డ్‌తో 12 లేదా 15 వోల్టులు తీసుకుని 5 వాట్ల చిన్న రేడియో నడపొచ్చు. ముందు రేడియో మాన్యువల్‌లో వోల్టేజీ రేంజ్ చూసుకోండి. కరెంట్ మరీ తక్కువైతే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆఫ్ అయిపోతాయి, అది కూడా ముందే టెస్ట్ చేయండి. 100 వాట్లకి ఇది దారి కాదు.

ప్రాణం మీదకి వచ్చేవి రెండు

ఇప్పటివరకు చెప్పినవాటిలో పొరపాటు జరిగితే ఎక్కువగా పోయేది డబ్బు. ఈ రెండింట్లో పోయేది మనిషి.

మొదటిది కరెంట్ తీగలు. మన ఊళ్లలో, సిటీల్లో 11 కేవీ లైన్లు బాల్కనీలకి, డాబాలకి చాలా దగ్గరగా వెళ్తాయి. యాంటెన్నా కట్టేటప్పుడు ఒకటే రూల్: అది ఎటు పడినా, తాడు తెగినా, తీగకి తగలకూడదు. పోల్, యాంటెన్నా కలిపిన ఎత్తుకి కనీసం ఒకటిన్నర రెట్లు దూరం ఉండాలి. అంత చోటు లేకపోతే అక్కడ ఆ యాంటెన్నా వద్దు. కరెంట్ తీగల మీదుగా తాడు విసరడం, తుఫాను తర్వాత కింద పడి ఉన్న తీగలో కరెంట్ లేదులే అనుకోవడం, ఈ రెండూ ఎప్పుడూ చేయకండి.

రెండోది పిడుగు. ఉరుములు వినపడితే రేడియో ఆపి, యాంటెన్నా కేబుల్, పవర్ కేబుల్ రెండూ తీసేయండి. ఇంకా మంచి అలవాటు ఏమిటంటే, వాడనప్పుడు అవి ఎప్పుడూ తీసే ఉంచడం. ఇంటి ఎర్తింగ్ కూడా ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. మూడో పిన్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ ఉందని కాదు. ఎస్ఎంపీఎస్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటుంటే ముందు చూడాల్సింది అదే.

ప్రొడక్షన్‌కి ముందు టెస్టింగ్

సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ తీసుకోవడం వేరు, ఆ బ్యాకప్ రీస్టోర్ అవుతుందో లేదో చూడటం వేరు. చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే. రేడియో బ్యాటరీ కూడా అంతే. తుఫానుల సీజన్ మొదలయ్యే ముందు ఒక శనివారం రాత్రి ఇలా చేయండి:

1. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి, వోల్టేజీ రాసుకోండి.
2. సాయంత్రం 6 నుంచి రాత్రి 12 వరకు రేడియోని బ్యాటరీ మీదే నడపండి.
3. ప్రతి గంటకీ రెండు వోల్టేజీలు రాయండి: వింటున్నప్పుడు ఒకటి, ట్రాన్స్‌మిట్ చేస్తున్నప్పుడు ఒకటి. రెండూ రేడియో దగ్గరే కొలవండి, బ్యాటరీ దగ్గర కాదు.
4. ఆ రెండింటి మధ్య తేడా ఒక వోల్టు దాటితే వైరు, కనెక్టర్లు, బ్యాటరీ ఈ మూడింట్లో ఒకటి మార్చాలి.
5. మరుసటి రోజు బ్యాటరీ మళ్లీ నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి.
6. స్పేర్ ఫ్యూజ్‌లు, మల్టీమీటర్, టార్చ్, కాగితం, పెన్ను ఒకే డబ్బాలో పెట్టండి. చీకట్లో వెతుక్కోవాల్సిన పని ఉండకూడదు.

ఈ టెస్ట్‌ని ఆరు నెలలకోసారి మళ్లీ చేయండి. బ్యాటరీ ముసలిదైపోతున్న విషయం బయటికి కనపడదు, మీరు రాసుకున్న నంబర్లలోనే కనపడుతుంది.

కొత్తగా మొదలుపెడుతూ బడ్జెట్ తక్కువ ఉంటే నా సలహా సింపుల్: 100 వాట్ల రేడియో కొని పవర్ దగ్గర రాజీ పడేకంటే, చిన్న రేడియో, మంచి యాంటెన్నా, చిన్న ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ, సరైన వైరు తీసుకోండి. టవర్లన్నీ ఆగిపోయిన రాత్రి, వంద వాట్లుండి పది నిమిషాలకి మూగబోయిన స్టేషన్ కంటే పది వాట్లతో తెల్లారేవరకు పలికే స్టేషనే ఊరికి పనికొస్తుంది.

హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలకి ఒక నంబర్ ఉంది. అందరికీ 73!